చప్పుడు చెయ్యని మిషన్ కోసం మా బావ పడ్డ తిప్పలు

మా బావ పోయాడన్న కబురు కార్ఖానా పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు వచ్చింది. బూత్ నడిపే ఆయన లోపలికి వచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. మరమగ్గాల మధ్య మనిషి మాట ఎక్కడ వినపడుతుంది? ఏమిటన్నాను. మళ్లీ అరిచాడు. ఈసారి వినపడింది. అయినా ఏమిటనే అన్నాను. ఆయన ఇక అరవలేదు. నా భుజం మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడ్డాడు. నేను మగ్గం ఆపి, చేతులు తుడుచుకుని ఇంటిదారి పట్టాను.

బావ అంటే మా అక్క భర్త. ఆదిలాబాద్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. మధ్యాహ్నం అన్నం తిని గోడకు ఒరిగి కూర్చున్నవాడు అట్లాగే పోయాడట. పక్కనే బియ్యం ఏరుతున్న మా అక్కకు కూడా తెలియలేదట.

మన నేతవాళ్ల పత్రికలో పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్లు చేసిన పదవులు, కట్టించిన సత్రాలు రాస్తుంటారు. మా బావ ఏ సత్రమూ కట్టించలేదు. నా బిడ్డకు ఒక కంప్యూటర్ కట్టి ఇచ్చాడు. ఏడో తరగతితో ఆగిపోయినవాణ్ణి, నాకు వచ్చినట్టు రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి. దుఃఖంలో ఉండి రాస్తున్నా, ఆ కంప్యూటర్ సంగతి వచ్చేసరికి నాకు పట్టరాని సంతోషం వస్తోంది. ఏం చేయను? ఒళ్లు మాత్రం బాగా అలిసిపోయి ఉంది.

మా బిడ్డకు చిన్నప్పుడు తట్టు పోసి చూపు పోయింది. హైదరాబాదులో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివింది. తెర మీది ఇంగ్లీషు అక్షరాలను పైకి చదివి వినిపించే కంప్యూటర్ మీద టైపు చేయడం అక్కడే నేర్చుకుంది. ఊరికి వచ్చాక, కుర్చీలు అల్లడం నేర్పించండి అని చెప్పినవాళ్లే అందరూ. కరీంనగర్‌లో ఒక వకీలు సాబ్ మాత్రం పని ఇచ్చాడు. ఆయన కేసు సంగతులను క్యాసెట్టులో మాట్లాడి బస్సుకు పంపిస్తాడు. మా బిడ్డ విని, టైపు చేసి, ఫ్లాపీలో పెట్టి తిరిగి పంపాలి. ఒక చెవిలో వకీలు గొంతు, ఇంకో చెవిలో కంప్యూటర్ గొంతు. ఆమెకు బతుకంతా ఆ రెండు చెవులే.

మేము మొదట కొన్న పాత కంప్యూటర్‌లో ఫ్యాన్ ఉండేది. అది మా మగ్గానికి తోబుట్టువు. దాని హోరులో మాటల చివరలు తెగిపోయేవి. తప్పులు పడ్డాయి. సాయంత్రానికి మా బిడ్డ తల పట్టుకుని మోకాళ్ల మీద ఒరిగేది. వకీలు సాబ్ మంచివాడే. "ఇంకో నెల చూస్తానమ్మా, ఆ తరవాత వేరేవాళ్లకు ఇచ్చుకుంటాను, ఏమనుకోకు" అన్నాడు.

అట్లాంటి రోజుల్లో బావ మా ఇంటికి వచ్చాడు.

"ఏంరా బామ్మర్దీ, పొల్ల తలకాయ పట్టుకొని కూసున్నదేంది?" అన్నాడు.

"మిషన్ అన్నంక చప్పుడు జేయదా బావా? అలవాటైతది" అన్నాను.

"చప్పుడు జేసుడు గాదు గిది. మొత్తుకుంటాంది."

మా బిడ్డ తల ఎత్తింది. "మామా, గా ఫ్యాన్ బందు జేస్తే ఎట్లుంటది?"

"మిషన్ కాలుతది బిడ్డా."

"ఇప్పుడు నా తలకాయ కాలుతాంది గదా!"

బావ నవ్వబోయి ఆగిపోయాడు. ఆ డబ్బా పక్కన కూర్చుని చాలాసేపు విన్నాడు. తర్వాత "థాంబ్" అన్నాడు. ఆదిలాబాద్‌లో ఉండి ఉండి ఆయన నోట్లో సగం మరాఠీ. ఆగమని దానికి అర్థం. ఆ మాట వచ్చిందంటే ఇక ఆయనను ఎవరు తొందరపెట్టినా లాభం లేదు.

మాకేమో నెల గడువు. ఆయనేమో హైదరాబాదు వెళ్లడం, కంప్యూటర్ సామాన్ల దుకాణాలన్నీ తిరగడం, ఉత్త చేతులతో రావడం. ఎండకు ముఖం నల్లబడి, చెప్పులు చేత పట్టుకుని మెట్టు మీద కూలబడేవాడు. మా ఇంటామె చాయ్ ఇస్తే సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. చాయ్ అయ్యేదాకా ఒక్క ముక్క మాట్లాడడు. నాకు ఒళ్లు మండేది.

"ఏదో ఒకటి కొనకపోయినవ్ బావా! దినాలు పోతున్నయ్."

"ఏదో ఒకటి నీ ఇంట్ల ఉన్నది గదరా. గది సాలదా?"

ఆయన లెక్క ఆయనకు ఉంది. అన్నిటికన్నా వేగంగా పనిచేసే ప్రాసెసర్ ఆయనకు వద్దు. దానికి ఒక మెట్టు కింద ఉన్నది, వేడి తక్కువ పుట్టించేది కావాలి. వేడి తక్కువైతే దాని మీద పెద్ద అల్యూమినియం రెక్కల దిమ్మ పెట్టి ఫ్యాన్ లేకుండానే నడపవచ్చు. మెమొరీ మాత్రం అడిగినదానికంటే ఎక్కువే ఉండాలి. కరెంటు ఇచ్చే పెట్టెను చేతిలో పట్టుకుని బరువు చూసేవాడు. తేలికగా ఉంటే పక్కన పెట్టేసేవాడు. పైన తొడిగే ఇనుప డబ్బాను వేలి కణుపుతో తట్టి చూసేవాడు. "పల్సటి రేకు డప్పు లెక్క మోగుతది. లోపల ఏది కదిలినా ఊరంత ఇనవడుతది" అనేవాడు.

చివరికి ఒకరోజు నన్నూ మా బిడ్డనూ వెంటబెట్టుకుని హైదరాబాదు తీసుకుపోయాడు. ఆమెను ఎందుకు తిప్పలు పెట్టడం అని నేను దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాను. ఎందుకో దుకాణంలో తెలిసింది. హార్డ్ డిస్కులు ఒక్కొక్కటి కరెంటుకు తగిలించి, మా బిడ్డ చెవి దగ్గర పెట్టమన్నాడు.

దుకాణం ఆయన పకపకా నవ్వాడు. "పెద్దాయనా, ఇది రేడియో కాదు, పాటలు రావు."

"పాటలు రానిదే సూస్తున్నం. నువ్వు పెట్టు" అన్నాడు బావ.

మా బిడ్డ తల వంచి విన్నది. "గిది సన్నగ ఈల ఏస్తాంది మామా. గిది గురక వెడుతాంది, మా బాపు లెక్క."

దుకాణంలో అందరూ నా వైపు చూశారు.

"గిది?"

మా బిడ్డ దాన్ని చెవికి ఇంకా దగ్గరగా జరుపుకుంది. దుకాణం ఆయనే లేచి నెత్తి మీద తిరిగే సీలింగ్ ఫ్యాన్ ఆపేశాడు. అందరికీ చెమటలు కారుతున్నాయి. ఎవరూ కదలలేదు.

"గిది మంచిగున్నది. ఉన్నదో లేదో తెలుస్తలేదు" అన్నది.

కీబోర్డు దగ్గర మాత్రం బావ బోల్తాపడ్డాడు. దూదిలాగా మెత్తగా ఉన్నదాన్ని కింది దుకాణంలో ఏరి తెచ్చి గర్వంగా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నాలుగు మీటలు ఒత్తి తిరిగి ఇచ్చేసింది.

"మామా, అన్నిటి నోరు మూపిచ్చి నాది గూడ మూస్తవా? మీట పడ్డదో లేదో నాకెట్ల తెల్వాలె? నాకు టకటకమనేదే గావాలె."

"నేను గంత దూరం ఆలోచించలే బిడ్డా" అని, ఆ వయసులో మళ్లీ అన్ని మెట్లూ దిగి వేరేది తేవడానికి పోయాడు. అలిసిపోయాడని తెలుస్తూనే ఉంది. కాదని మాత్రం అనలేదు.

నాకు ఒక్కటే అసంతృప్తి. కొత్త తెర కొననివ్వలేదు. తెర లేని కంప్యూటర్ తీసుకుపోతే మనవాళ్లు నవ్వరా అని అడిగితే, "తెర పొల్లకా, నీ మనోళ్లకా?" అన్నాడు. పాతదాని తెరే తగిలించాం. చూడవచ్చినవాళ్లు ఆ గీతలు పడ్డ తెర చూసి, ఇదా మీరు అంత మంచివన్నీ ఏరి కొన్న కంప్యూటర్ అని నిజంగానే నవ్వారు. లోపల ఏముందో నాకు తెలుసు కదా, నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

సామాన్లు వచ్చాక బావ స్నానం చేసి, చాప పరుచుకుని కూర్చున్నాడు. ఒక్క స్క్రూ కూడా తాను బిగించలేదు. ప్రతి ముక్కనూ మొదట మా బిడ్డ చేతిలో పెట్టి, అంచులు తడిమించి, ఏ గంటు ఎటు తిరిగి ఉండాలో చెప్పేవాడు. హార్డ్ డిస్కు వణుకు డబ్బాకు తగలకుండా సైకిల్ ట్యూబు ముక్కలు కోసి ఇచ్చాడు, ఆమె వాటి మధ్య దాన్ని ఉయ్యాలలాగా వేలాడదీసింది. వేలు గీరుకుని నెత్తురు వచ్చింది. నాకు ఓపిక పోయింది.

"నువ్వే బిగియ్యి బావా, జల్ది అయితది."

"నేను బిగిస్తే నాదైతది" అన్నాడు. "రేపు ఖరాబైతే నేను ఆదిలాబాద్ నుంచి వచ్చేదాంక పొల్ల చేతులు ముడుసుకొని కూసోవాల్నా?"

మీట వేశారు. నాకేమీ వినపడలేదు. మా పనిలో చప్పుడు ఆగిందంటే పోగు తెగిందనో, మగ్గం చెడిందనో అర్థం. "నడుస్తలేదు బావా!" అని లేచాను. మా బిడ్డ ముఖం చూసి మళ్లీ కూర్చున్నాను. ఆ ముఖాన్ని ఎట్లా రాయాలో నాకు తెలియదు. వకీలు సాబ్ గొంతు ఇంట్లోకి వచ్చి పక్కన కూర్చున్నట్టు ఉంది బాపూ అన్నది.

అంతటితో కష్టాలు తీరలేదు. మా ఇంటామె వసారాలో కండెలు చుడుతుంది. దారం నుంచి లేచే నూగు ఇల్లంతా ఎగురుతుంది. మగ్గాలున్న ఇళ్లల్లో విలువైన వస్తువు ఏదైనా సరే, దానికి గుడ్డ కట్టి పెడతాం. ఆమె నేను నేసిన గట్టి గుడ్డ తీసుకుని, కంప్యూటర్‌కు కొలత ప్రకారం కుచ్చులు పెట్టి గలేబు కుట్టింది. ఎంత అందంగా ఉందో! అందరికీ చూపించుకున్నాం. మరునాడు వకీలు సాబ్ పెద్ద పని పంపాడు. ఆయన ఇచ్చిన నెల గడువుకు అదే ఆఖరి రోజు. సాయంత్రం బస్సుకు ఫ్లాపీ పోవాలి. మధ్యాహ్నం దాటాక, సగం పనిలో కంప్యూటర్ టక్కున ఆగిపోయింది.

బావ వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. డబ్బా పొయ్యి మీది పెనంలాగా ఉంది.

"చెల్లే," అన్నాడు మా ఇంటామెతో, "సింగారం మంచిగ జేసినవ్ గని, ముక్కు మూసినవ్."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. బావ గలేబు తీయించాడు. మా బిడ్డ డబ్బా పక్క రేకు ఊడదీసింది. చేసిన పనిలో చాలా భాగం పోయింది, మళ్లీ మొదటి నుంచి టైపు చేయాలి. ఆమె టకటకా కొడుతుంటే, బావ స్టూల్ మీద కూర్చుని విసనకర్రతో కంప్యూటర్‌కు విసిరాడు. కుడి చెయ్యి నొస్తే ఎడమ చెయ్యి. పెళ్లిలో వియ్యంకుడికి కూడా ఎవరూ అట్లా విసిరి ఉండరు. ఫ్లాపీ చేతికి రాగానే నేను పరుగెత్తాను. బస్సు కదిలింది. తలుపు మీద చేత్తో బాది, తిట్లు తిని కండక్టర్ చేతికి ఇచ్చాను. వకీలు సాబ్ పని ఆపలేదు. తరవాత ఆయన స్నేహితులు కూడా పంపడం మొదలుపెట్టారు. ఈ రోజు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ పని ఉన్నది నా బిడ్డకే. ఈ మాట ఇంకో పదిసార్లు రాయమన్నా రాస్తాను.

ఆ మరునాడు బావ నన్ను పిలిచాడు. "దుమ్ము ఆగాలె, గాలి ఆగద్దు. గసుంటి గుడ్డ నీ తాన లేదా?"

"గసుంటి గుడ్డ నేస్తే మా సేటు నన్ను పనిలకెల్లి తీసేస్తడు బావా."

ఇద్దరం నవ్వుకున్నాం. బతుకంతా దారం పక్కన దారం చేర్చినవాణ్ణి. ఆ రోజు నేను నేసిన గుడ్డనే ముందేసుకుని, ఒక దారం ఉంచి ఒక దారం లాగేస్తూ కూర్చున్నాను. మిగిలిన దారాలు పక్కకు జరగకుండా గంజి పెట్టి ఆరబెట్టాను. మా బిడ్డ దాన్ని గాలి రంధ్రాల మీద బిగించింది. అప్పటి నుంచి నూగు పట్టినప్పుడల్లా మా ఇంటామె దాన్ని ఉతుకుతోంది.

బావ గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ వీధిలోని మగ్గాల చప్పుడు పడక చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేవాడు. మా బిడ్డ పిలిస్తే మాత్రం దూది తీసి పలికేవాడు.

మొన్న ఆదిలాబాద్‌లో దినాలయ్యేదాకా ఉన్నాం. వచ్చేరోజు మా అక్క నా బిడ్డ తల నిమిరి, "మీ మామ పాయె. ఇగ నీ మిషన్‌కు ఏమన్న అయితే ఎవలు దిక్కు బిడ్డా?" అన్నది. మా బిడ్డ అత్త చెయ్యి పట్టుకుని కూర్చుంది. కొండగట్టు దగ్గర బస్సు ఆగినప్పుడు, దిగి నీళ్లు తాగే ఓపిక కూడా మాలో ఎవరికీ లేదు. నాకూ ఆ మాటే మనసులో తిరుగుతోంది.

ఇంటికి వచ్చిన మరునాడు ఆమె కంప్యూటర్ వేసి, వెంటనే తల వంచింది.

"బాపూ, కరెంటు పెట్టె ఫ్యాన్‌ల ఏదో రాసుకుంటాంది."

ఉన్న ఒక్క ఫ్యాన్ అది. నెమ్మదిగా తిరిగేదని బావ ఏరి తెచ్చినది. నాకేమీ వినపడలేదు. "కరీంనగర్‌కు పోయి ఎవలనన్న తోల్కస్త బిడ్డా" అని చొక్కా అందుకున్నాను.

"ఎటు పోకు. చెయ్యి చాపు" అన్నది.

వైర్లు తీసింది. స్క్రూలు ఒక్కొక్కటే ఊడదీసి నా అరచేతిలో పెట్టింది. ఆ పెట్టెను బయటికి లాగి, ఫ్యాన్ రెక్కల సందుల్లో బ్రష్షు పెట్టి తుడిచింది. ఇరుసుకు చుట్టుకున్న నూగు వేలి కొనలకు తగిలింది, మా కండెల నూగే. మెల్లగా లాగేసింది. వేలితో రెక్కను ఒకసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తర్వాత అన్నీ ఎక్కడివక్కడ పెట్టి, నా అరచేతిలోకి వేళ్లు తెచ్చి ఒక్కో స్క్రూ తీసుకుని, రంధ్రం తడుముకుని బిగించింది. మీట వేసి, క్యాసెట్టు పెట్టుకుని పనిలో పడింది.

స్క్రూలన్నీ అయిపోయాయి. నేను మాత్రం చెయ్యి చాపి అట్లాగే నిలబడి ఉన్నాను.