ఏమవుతావని అడిగితే

సౌదీలో దమ్మాం వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న కరీంనగర్ కుర్రాడు జుబైల్ దాటినప్పటి నుంచీ తన ఇకామా, అదే ఇక్కడి నివాస గుర్తింపు కార్డు, తీసి చూసుకుంటూనే ఉన్నాడు. లారీ ప్రమాదం కేసులో జైల్లో పడిన స్నేహితుణ్ణి చూడటానికి వెళుతున్నాడు. అక్కడ బంధువులనైతేనే లోపలికి పంపుతారట.

"ఏమైతవని అడుగుతరు తాతా. తమ్మున్ని అని చెప్త."

"సొంత అన్నేనా?"

అతను వెనక సీట్ల వైపు చూసి నా చెవి దగ్గరికి వంగాడు. "కాదు. మేమిద్దరం ఆలుమొగల లెక్క. ఎవ్వలకు చెప్పకు, నన్ను సుత లోపలేస్తరు."

విన్నందుకు నన్నూ పట్టుకుంటారేమోనని డ్రైవర్ వైపు చూశాను. ఇలాంటి జంటలకు పెళ్ళి హక్కు దేనికని రాసే పెద్దమనుషుల్ని చాలామందిని చదివాను. వాళ్ళను ఒక్కసారి ఆ సీట్లో కూర్చోబెట్టాలి. హత్య చేసినవాడికైనా భార్య అంటూ ఉంటే వెళ్ళి పలకరిస్తుంది. ఇతను మాత్రం ఒక అబద్ధం వెతుక్కోవాలి, అదీ దొరికిపోనిది.

"తమ్ముణ్ణని చెప్పకు బాబూ. ఇకామా కార్డుల మీద మీ ఇంటిపేర్లు వేరుగా ఉంటాయి. అతను నీకు బావ అని చెప్పు. మీ అక్క మొగుడు."

"నాకు అక్క లేదు తాతా."

"ఉందని చెప్పు."

జైలు గోడ కనిపించింది. దిగడానికి లేచినవాడు మళ్ళీ కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్క పేరడిగితే?"

నా నోటికి మా ఆవిడ పేరే వచ్చింది. అతను అదే గొణుక్కుంటూ దిగిపోయాడు.