నీడలో నిలిపిన లారీ

ఇనుప రాడ్డు మొదటి దెబ్బ నా భుజం మీద పడినప్పుడు, అక్కడికి మూరెడు దూరంలో, లారీ రేకు అవతల, మా అన్న హాయిగా నిద్రపోతున్నాడు. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, మంఖాల్ ఊరి మనిషి. ఒకే లారీని ఇద్దరం వంతులవారీగా నడిపేవాళ్లం. ఒకరు స్టీరింగ్ ముందుంటే ఇంకొకరు సీట్ల వెనక అడ్డంగా ఉండే పడక మీద పడుకునేవాళ్లు.

ఆ హాయి నేను అమర్చిపెట్టిందే. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. మిగిలినదంతా శంషాబాద్‌లో గ్రంథాలయం బల్లల మీద సంపాదించాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. పగటిపూట పెద్ద లారీలను నగరంలోకి రానివ్వరు. కాటేదాన్ ఫ్యాక్టరీలకు సరుకు తెచ్చినప్పుడల్లా, చీకటి పడేదాకా విమానాశ్రయం పక్కనున్న ఖాళీ జాగాలో ఆగాలి. కేబిన్ ఎండకు పెనంలా కాలేది. నెత్తి మీద విమానాలు దిగుతూనే ఉండేవి. అన్నకు కన్ను మూతపడేది కాదు. ఒక ప్రయాణంలో స్టీరింగ్ మీదే కునికాడు. నేను పక్కనుంచి స్టీరింగ్ లాగకపోతే ఎదురుగా వస్తున్న బస్సు కింద ఇద్దరం నుజ్జయిపోయేవాళ్లం. అప్పటి నుంచి అతని నిద్ర నా పని అయింది.

నిద్ర గురించి ఒక పుస్తకం, సూర్యుడి దారి గురించి ఇంకో పుస్తకం చదివాను. అద్దాలకు మందపాటి నల్లగుడ్డ తెరలు కుట్టించాను. విమానాల మోతకు చెవుల్లో దూది పెట్టించాను. ఫోన్లు ఎత్తుకుపోయేవాళ్ల భయం లేకుండా, రెండు తలుపుల హ్యాండిళ్లనూ సీటుబెల్టుతో కలిపి లోపల నుంచి బిగించడం నేర్పాను. ఇక లేవాల్సిన వేళకు బాధ లేదు. బయలుదేరే ముందు కింద ఉన్నవాడు టైర్లను ఒక్కొక్కటిగా కొట్టి గాలి చూస్తాడు. ఆ అదురు పడక దాకా వస్తుంది. దూది ఉన్నా అన్న దానికి లేచేవాడు. తర్వాత బాడీ మీద అరచేత్తో రెండుసార్లు చరిస్తే బండి కదిలించేవాడు. రోడ్డెక్కాక నేను ఎక్కేవాణ్ణి.

ఆ రోజు పొద్దున లారీని గోదాము గోడకు తూర్పు వైపున, మండే ఎండలో నిలిపాను. పడమటి వైపు నీడలో నిలుపుకున్న ఇంకో లారీ వాళ్లు చూసి నవ్వారు. మధ్యాహ్నం దాటేసరికి నీడ మా వైపుకు వచ్చింది, ఎండ వాళ్ల వైపుకు పోయింది. ఆ లారీ డ్రైవర్ లావుపాటి మనిషి. బక్కపలచటి తోడును వెంటబెట్టుకుని వచ్చాడు.

"జర ముందుకు తీయి. మా బండి కాలిపోతున్నది."

"మా అన్న పండుకున్నడు. లేపను."

"నీడ మీద నీ పేరేమన్న రాసి ఉన్నదా?"

"పొద్దున నవ్విన్రు గద. పొద్దు యాడికి పోతదో పుస్తకంల ఉంటది. చదువుకోవాలె."

"అచ్ఛా," అని బక్కవాడి వైపు తిరిగాడు లావాయన. "సారు మనకు చదువు చెప్తడట. రాడ్డు పట్టుకరాపో."

భుజం మీద దెబ్బకు కుడిచెయ్యి చచ్చుబడింది. వెనక్కి తిరిగి మా లారీ తలుపు లాగాను. బెల్టు బిగుతుగా ఉంది. ముందు నుంచి చుట్టి పరిగెత్తితే రెండో తలుపూ అంతే. రేకు మీద పిడికిలితో గుద్దాను. అదే సమయానికి ఒక విమానం కిందికి దిగింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. రక్తం మెడ మీదుగా చొక్కాలోకి కారింది. మూడో దెబ్బ తలకే అని తెలిసి లారీ కిందికి దొర్లాను.

వాళ్లు వదల్లేదు. లావాయన రాడ్డుతో పక్కటెముకల్లో పొడిచాడు. బక్కవాడు నా కాలు పట్టి లాగాడు. వాడి ముఖం మీద మడమతో తన్నితే పళ్లు విరిగిన చప్పుడు వినిపించింది. ఇక బయటపడితే చంపుతారు. అన్న లేస్తేనే బతుకుతాను. ముందు చక్రానికి అడ్డం పెట్టిన రాయిని పీకి, పాకుతూ టైర్లను వరుసగా కొట్టాను.

అన్న లేచాడు. బయలుదేరే వేళయిందని, నేను గాలి చూస్తున్నానని అనుకున్నాడు. నా మీద ఇంజను గర్జించింది. బ్రేకుల గాలి బుస్సుమంది. ఇద్దరూ వెనక్కి గెంతారు. గండం గడిచిందనుకున్నాను.

లావాయన కూడా డ్రైవరే, మా గుర్తులు అతనికీ తెలుసు. వంగి నన్ను చూశాడు. నవ్వాడు.

"వాని అన్ననే వాన్ని తొక్కుతడు, చూడు," అంటూ బాడీ మీద రెండుసార్లు చరిచాడు.

లారీ కదిలింది. నేను రెండు చక్రాల మధ్యకు ఒదిగి నేలకు అతుక్కుపోయాను. రాయి పట్టుకున్న ఎడమచేతిని మాత్రం తీసుకోలేకపోయాను. వేళ్లు నలిగిన చప్పుడు ఇంజను మోతలోనూ విన్నాను. బండి నా మీద నుంచి దాటిపోగానే మీద ఆకాశం కనిపించింది.

అద్దంలో నన్ను చూసి అన్న బండి ఆపాడు. చక్రాలు విప్పే పానాతో దిగాడు. నా చేతిని చూశాడు.

"ఎవడు చరిచిండు తమ్మీ?"

కళ్లతోనే చూపించాను. అతను ఎవరినైనా కొట్టగా అంతకుముందు నేను చూడలేదు. ముందు మోకాలు విరగ్గొట్టాడు, పడిపోయాక మోచెయ్యి. బక్కవాడు పారిపోయాడు. "సాలన్నా, సస్తడు" అని నేను అరిచేదాకా పానా ఆగలేదు.

దవాఖానలో నా రెండు వేళ్లు తీసేశారు. పోలీసు కేసు మా మీదా వాళ్ల మీదా పడింది, ఇంకా నడుస్తోంది. మేము మళ్లీ అదే లారీ ఎక్కాం. తెరలు కట్టాను, నీడ చూసి నిలిపాను. అన్న మాత్రం కళ్లు తెరుచుకుని పైకప్పును చూస్తూ పడుకునేవాడు.

"వానికి పడాల్సింది పడ్డది, ఇగ నిద్రపో అన్నా," అన్నాను ఒకరోజు.

"వాని గురించి గాదు తమ్మీ. చరిచింది వాడు. తొక్కింది నేను."

మళ్లీ స్టీరింగ్ మీద కునుకుతాడేమోనని భయపడి నిద్ర పుస్తకం మళ్లీ తెచ్చి వెతికాను. అందులో దీనికి ఏమీ లేదు. చివరికి ఒక మధ్యాహ్నం నేనూ లోపలే కూర్చుని, తలుపులకు బెల్టు బిగించి, తెర కొంచెం తీసి ఆ వెలుతురులో చదువుకోవడం మొదలుపెట్టాను. అన్న తన చెవుల్లోంచి దూది తీసి బయట పారేశాడు. కాసేపటికి గురక వినిపించింది.

ఇప్పుడు అదే మా పద్ధతి. విమానాల మోత అతనికి అడ్డం రాదు. నేను చదువుతూ చదువుతూ పేజీ తిప్పడం ఆపితే మాత్రం కళ్లు తెరవకుండానే అడుగుతాడు.

"తమ్మీ, లోపలనే ఉన్నవా?"

"ఉన్న అన్నా. పండుకో."