తెల్ల ముంగిస పళ్ళు

మొన్న ఆదివారం పొద్దున జార్జ్ టౌన్‌లో మా వరండాలో కూచుని పేపరు చదువుకుంటుంటే వెనకనించి ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. నేను ఎగిరిపడ్డాను. కాఫీ పంచె మీద పడింది, పంచె వద్దన్నది పేపరు మీద పడింది. చూస్తే మా మనవరాలు. "అయిదుసార్లు పిలిచినాను లా, తాతా! ఇనబడలేదేటి?" అంది, ఇక్కడి మలాయివాళ్ళలాగ మాట చివర "లా" తగిలించి. వినబడలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక ఆలోచనలో ఉన్నానన్నాను. ఆ పిల్ల నా మొహాన్ని కాసేపు పరిశీలించి, లోపలికి తిరిగి, "నాన్నా, తాత నన్ను కరిసీసీలాగ సూసినాడు" అని ఫిర్యాదు చేసింది. నేను మనుషుల్ని కరిచే రకం కాదు. కానీ ఆ ఒక్క క్షణం కరవాలనిపించిన మాట నిజమే. అలా ఎందుకనిపిస్తుందో నాకు తెలిసినంత బాగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియకపోవచ్చు. యాభై ఏళ్ళ కిందట నేను ఆ విషయాన్ని పుస్తకాల్లో కాదు, వేళ్ళ మీద చదువుకున్నాను.

అప్పటికి జపాను సైన్యం సైకిళ్ళెక్కి మా వైపు రాలేదు. ఇదే మలాయి దేశంలో హుటాన్ మెలింటాంగ్ అనే ఊరి దగ్గర, ఏటి ఒడ్డున ఒక కొబ్బరి ఎస్టేటు ఉండేది. అక్కడ దొర బంగళాలో మా మేనత్త ఆయా. నేను మద్రాసులో బి.ఏ. పాసై, ఆ డిగ్రీకి అక్కడ తగిన మర్యాద దొరక్క, ఓడెక్కి వచ్చి అదే ఎస్టేటు ఆఫీసులో కిరాణిగా చేరాను. కిరాణి అంటే గుమాస్తాయే, కాకపోతే సముద్రం దాటిన గుమాస్తా. మామయ్య పోయి ఆరేళ్ళయింది, అత్తకి పిల్లలు లేరు, అందుచేత మకాం ఆవిడ ఇంట్లోనే. ఇల్లు చెక్కది, గుంజల మీద నిలబెట్టింది. ఎవరు మెట్టెక్కినా నేల అంతా వణికేది, వంటింట్లో గిన్నెలు పలికేవి. చుట్టం వస్తున్నాడని గుమ్మంకన్నా ముందు పాదాలకి తెలిసేది.

ఆ ఏడాది పాత దొర ఉద్యోగం చాలించుకుని సీమకి వెళ్ళిపోయాడు. దొరసాని కుక్కని పక్క ఎస్టేటుకి ఇచ్చింది, చిలకని స్టేషను మాస్టరుకి ఇచ్చింది. ఒక్క ప్రాణిని మాత్రం ఎవరూ పుచ్చుకోలేదు. దాన్ని ఇంగ్లీషులో ఫెర్రెట్ అంటారు. ఎండుకొబ్బరి కొట్లలో ఎలకల్ని పడుతుందని కొత్తగా సీమనించి ఓడలో తెప్పించారు. పట్టినట్టు దాఖలాలు లేవు. మూరెడు పొడుగు, వేలెడు కాళ్ళు, కొబ్బరిపాల రంగు. కాబట్టి మా లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్ళలో, అందరూ దాన్ని తెల్ల ముంగిస అన్నారు. దొరసాని దాన్ని బుట్టతో సహా అత్త చేతిలో పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుందట. అత్తకి ఇంగ్లీషు పది మాటలొచ్చు, దొరసానికి మన భాష పది మాటలొచ్చు. ఆ ఇరవై మాటల్లోనే ఒడంబడిక కుదిరింది. "నా పేణం ఉండగా దీన్ని సంపనియ్యనమ్మా" అని అత్త మాటిచ్చింది. ఆవిడ మాట ఇవ్వడం అరుదు. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు.

మొదటివారంలో ముంగిస అత్తని నాలుగుసార్లు, నన్ను ఆరుసార్లు కరిచింది. కులాసా అడగడానికి వచ్చిన కంగాణిని, అంటే కూలీల మీద పెత్తందారుని, ఒక్కసారే కరిచింది గానీ శ్రద్ధగా కరిచింది. దాని దగ్గర పక్షపాతం లేదు. వచ్చిన చిక్కల్లా, పట్టుకుంటే వదలదు. దానికి అత్త దగ్గర ఒక ఉపాయం ఉండేది. "కోపమొచ్చినోడికి ముందు కూడెట్టాల, మాటలు తరవాత" అన్నది ఆవిడ సిద్ధాంతం. మామయ్య కేకలెయ్యడం మొదలెట్టగానే కంచం పెట్టేసేదిట, అలా ముప్పై ఏళ్ళ కాపురం చల్లగా గడిచింది. ఆ ప్రకారమే ముంగిస ఎవరి వేలు పట్టుకున్నా అత్త వేయించిన నెత్తళ్ళు నాలుగు దాని మూతి దగ్గర పెట్టేది. అది వేలు వదిలేసి చేపలందుకునేది. "సూసినావా, ఎంత బుద్ధిమంతురాలో" అనేది అత్త, తన వేలికి పసుపు అద్దుకుంటూ.

కొత్త దొర వచ్చిన పదోనాడు లైన్లు చూడ్డానికి బయల్దేరి మా ఇంటికీ వచ్చాడు. బుట్టలో అటు తిరిగి పడుకున్న ముంగిసని చూసి ముచ్చటపడి, పైనించి చెయ్యి దించి దాని మెడ నిమిరాడు. తరవాత కొంతసేపు ఆయన చేతికి ముంగిస వేళ్ళాడింది. ఆయన అరవలేదు, అది ఆయన పెంపకం. నెత్తళ్ళు వచ్చాయి, వేలు విడుదలైంది. ఆయన రుమాలు చుట్టుకుంటూ నాతో, నెలాఖరుకి మళ్ళీ వస్తాననీ, అప్పుడు కూడా అది కరిస్తే తనే తుపాకీతో కాల్చేస్తాననీ, ఎంతో మర్యాదగా చెప్పాడు. నేను మర్యాద తీసేసి మిగిలింది అత్తకి చెప్పాను.

అత్త ఆయన వెళ్ళిన దారికేసి చూసింది. "ఆయనకి తుపాకీ ఉంది. నాకు నెల ఉంది" అంది. ఆపైన నాకేసి తిరిగి, "నువ్వు బీయే సదివినావు కదా అల్లుడూ. దీన్నేటి సెయ్యాలో సూడు" అంది.

నేను చూశాను. నా తర్కం ఇలా నడిచింది: సీమలో పుట్టిన జంతువు, మన తిట్లు దానికి అర్థం కావు, కాబట్టి ఇంగ్లీషులో మందలించాలి. రోజూ సాయంత్రం దాని బుట్ట వెనక నిలబడి, స్పష్టంగా, "నో" అనేవాణ్ణి. తరవాత పూర్తి వాక్యాలకి దిగాను. కంగాణి మెట్లమీద కూచుని చుట్ట కాలుస్తూ వినేవాడు. "దానికి సీమ ఇంగిలీసు కావాల బాబూ. నీది మెడ్రాసు ఇంగిలీసు" అన్నాడు ఒకరోజు. నేను గొంతు పెంచాను. అది నా బొటనవేలు కరిచింది. అత్త వైద్యం అత్త చేసింది: ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఆ పొగకి ముగ్గురం దగ్గాం. ముంగిస దగ్గుతూనే కంగాణిని రెండోసారి కరిచింది. అలా పది రోజులు గడిచాయి.

పదకొండో రోజు మధ్యాహ్నం అటకమీంచి ఇత్తడి బిందె జారింది. గుమ్మంలో చుట్టిపెట్టిన పరుపు మీద మెత్తగా పడి, అక్కణ్ణించి గడప దాటి కింద రాళ్ళమీదికి పడింది. లైన్లలో కుక్కలన్నీ మొరిగాయి. పక్కింటి పసివాడు ఏడుపందుకున్నాడు. బారెడు దూరంలో బుట్టలో ఉన్న ముంగిస మాత్రం చెవి కూడా కదపకుండా నిద్రపోతోంది. అత్త దానికేసి చూసింది. నెమ్మదిగా కంచం, గరిటె తెమ్మని నాకు సైగ చేసింది. కూచున్న చోటునించే దాని తలకి జానెడు పైన కంచం పట్టుకుని టంగుమని వాయించింది. కదల్లేదు. మళ్ళీ వాయించింది. లేదు. ఆవిడ విసిగి లేవబోతే పాదం కింద చెక్క కిర్రుమంది, ముంగిస చటుక్కున కళ్ళు తెరిచింది.

"ఒరే అల్లుడూ, దీనికి సెవుల్లేవురా!" అంది అత్త.

పదిరోజులు నేను చెవిటిదానికి ఇంగ్లీషు వ్యాకరణం చెప్పాను. నా ఉచ్చారణలో లోపం లేదని తేలడం ఒక్కటే ఊరట. అత్త అప్పటికే బుట్ట పక్కన చతికిలపడి దానితో మాట్లాడుతోంది, వినదని తెలిసి కూడా. "నిద్దరోతన్నోడిని ఎనకనించొచ్చి ఒడిసి పట్టుకుంటే నువ్వు కరవవేటి? నానైతే పీకే కొరికేద్దును" అని నాకేసి చూసింది. అది నిజమేనని నాకూ తోచింది. తోచాక, రెండో సంగతి నా బుర్రకే తట్టింది, ఆ మేరకు మద్రాసు యూనివర్సిటీ పరువు దక్కింది. "అత్తా, మొదట అది భయపడి కరిచిందేమో. ఇప్పుడు మాత్రం కరిచినప్పుడల్లా మనం నెత్తళ్ళు పెడుతున్నాం. దాని లెక్కన మన వేలు కొట్టు గొళ్ళెంలాంటిది. కొరికితే తలుపు తెరుచుకుంటుంది" అన్నాను.

అత్త పసుపు అద్దిన తన వేళ్ళు చూసుకుంది. "అయితే మీ మావ కూడా..." అంది. ఆ వాక్యం ఆవిడ ఆనాడూ పూర్తి చెయ్యలేదు, ఆ తరవాతా పూర్తి చెయ్యలేదు.

ఆ సాయంత్రమే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. దాని దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ముందు నేలమీద రెండుసార్లు కాలు తట్టాలి. చేపల వాసన పోయేలా చేతులు సీకాయతో కడుక్కోవాలి. చెయ్యి పైనించి గద్దలా దించకూడదు. ఎదటినించి, నేలకి ఆనించి, అది వాసన చూసేదాకా అలాగే ఉంచాలి. కరవకపోతే ఒక చేప. కరిస్తే చేపా లేదు, కేకా లేదు. పట్టు వదిలేదాకా ఓర్చుకుని, దాన్ని ఖాళీ పెట్టెలో పెట్టి, అత్త తాంబూలం నమిలి ఉమ్మేసేంతసేపు ఎవరూ దానికేసి చూడకూడదు. అన్నిట్లోకీ ఈ ఓర్చుకోవడమే కష్టం. ఒకరోజు అత్త చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. రక్తం చెక్కలమీద పడుతోంది. రెండో చేతికి అందేంత దూరంలోనే నెత్తళ్ళ గిన్నె ఉంది. నేను గిన్నెకేసి కదిలాను. "ముట్టుకున్నావంటే నీ సెయ్యి ఇరగ్గొట్టీగలను" అంది, పళ్ళ బిగువున. ముంగిస తన పళ్ళు వదులు చేసేదాకా ఆవిడ తనవి వదులు చెయ్యలేదు. పొద్దస్తమానం మా ఇంట్లో కాళ్ళ చప్పుళ్ళు విని, అత్తా అల్లుళ్ళకి పడటంలేదని లైన్లలో అనుకున్నారు. కంగాణి రాజీ చెయ్యడానికి వచ్చి, మెట్టుమీద రెండుసార్లు కాలు తట్టి, ఒక చేప కూడా పెట్టి, కరిపించుకోకుండా వెళ్ళాడు. నెలాఖరుకి నాలుగురోజులుందనగా ముంగిస నా వేలు నోట్లో పెట్టుకుని, కాసేపు ఆలోచించి, వదిలేసింది. మద్రాసులో డిగ్రీ పుచ్చుకున్ననాడు కూడా నాకంత గౌరవం జరిగినట్టనిపించలేదు.

చెప్పిన రోజుకి దొర వచ్చాడు. తుపాకీ కూడా వచ్చింది, ప్యూను భుజాన. దొర బూట్ల బరువుకి ఇల్లంతా వణికింది గనక ముంగిస మేలుకునే ఉంది. ఆయన వంగి, వెనకటిలాగే పైనించి చెయ్యి దించబోయాడు. "అలాగ్గాదు దొరా! కిందకి, కిందకి! కూకో!" అని అత్త అరిచింది. దొరల పిల్లలకి నీళ్ళు పోసిన గొంతు అది. అనువాదం అవసరం లేకపోయింది. దొర గొంతుక్కూచున్నాడు. వాకిట్లో గుమిగూడిన జనం ఊపిరి బిగబట్టారు, దొర అలా కూచోగలడని వాళ్ళెవరూ ఎరగరు. ముంగిస వచ్చింది. పాత గాయం మచ్చ వాసన చూసింది. నోరు తెరిచింది. అత్త చేతిలో నెత్తళ్ళు ఉన్నాయి. గుప్పిట బిగించి ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది గానీ, చెయ్యి చాపలేదు. ముంగిస ఆ వేలిని ఒకసారి నాకి, నోరు మూసుకుని, ఆయన బూటు తాడు లాగడం మొదలెట్టింది.

దొర లేచి, ఇది ఆ జంతువేనా అని నన్నడిగాడు. అదేనన్నాను. ఆయన తల పంకించి మెట్లు దిగాడు. "ఏటన్నాడు?" అంది అత్త. బతకనిచ్చాడన్నాను. "ఆయనిచ్చీదేటి?" అని గుప్పిట విప్పింది. నెత్తళ్ళు పిండిపిండి అయిపోయాయి. ఆ సాయంత్రం నేను సంతోషం పట్టలేక ముంగిసని వెనకనించి అమాంతం ఎత్తుకున్నాను. కరిచింది. అత్త ముంగిస జోలికి పోలేదు. తాంబూలం వేసుకుని, "తప్పెవుడిదో ఆడే కూకోవాల" అని, నమిలి ఉమ్మేసేదాకా నన్ను మెట్లమీద ఒంటరిగా కూచోబెట్టింది.

ఆ తరవాత అది అయిదేళ్ళు బతికింది, ఎవర్నీ చెప్పుకోదగ్గంతగా కరవలేదు. ఒకరోజు పొద్దున అత్త మామూలుగా బుట్ట దగ్గర రెండుసార్లు కాలు తట్టింది. కాసేపాగి మూడోసారి తట్టింది. మూడోసారన్నది ఆవిడ చట్టంలో లేదు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఇప్పుడు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చినప్పుడల్లా నా వెనక నిలబడి రెండుసార్లు కాలు తడుతుందిట, తరవాత చుట్టూ తిరిగి ముందుకొచ్చి, చెయ్యి కిందనించి చాపి, నేను వాసన చూసేదాకా కదలదు. నా పళ్ళు గ్లాసులో ఉన్న వేళల్లో కూడా ఈ జాగ్రత్త మానదు. మా ఇల్లు సిమెంటుది, ఎంత తట్టినా నా పాదాలకి ఏమీ తెలియదు. ఆ సంగతి దానికి చెప్పలేదు. చెక్క నేల మీద ఉన్నన్నాళ్ళూ వచ్చేదేదో ముందుగా పాదాలకి తెలిసేది. ఈ సిమెంటు మీద కాలం ఎప్పుడు మెట్లెక్కిందో తెలియనే లేదు, వెనకనించి వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా.