ఎండిన కొలను దగ్గర ఈత మాస్టారు

ఈత మాస్టారి బొజ్జ ఆయనకంటే ముందే మలుపు తిరుగుతుంది. ఆయన విజిల్ ఊదితే పక్క వీధి కుక్కలు కూడా లేచి నిలబడతాయి. కొలనులో నీళ్ళు తోడేసి, జీతం ఆపేసి నెలలవుతున్నా రోజూ సాయంత్రం వస్తాడు. అలిసినవాళ్ళు పట్టుకునే పొడుగాటి వెదురుగడను ఖాళీ కొలనులోకి చాచి, గట్టు వెంట నడుస్తూనే ఉంటాడు. కొత్త కొలనువాళ్ళు రెట్టింపు జీతమిస్తామన్నారు. ఇవాళ చేరకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారట. అందుకే ఆయన భార్య వీధంతా అదిరేలా కేకలేసుకుంటూ వచ్చింది.

"నీళ్ళూ లేవు, జీతమూ లేదు! ఎవరికయ్యా నేర్పుతున్నావు, బల్లులకా?"

"మెల్లగా మాట్లాడవే! బెదిరిపోతాడు. వీడికింకా కాళ్ళాడించడం రాలేదు."

ఆమె విసురుగా గడ లాక్కోబోయింది. అవతలి కొన బరువుగా కిందికి వంగి, చిన్న చేతులేవో పట్టుకుని వేలాడుతున్నట్టు వణికింది. ఆమె కొలనులోకి తొంగి చూసింది, ఎవరూ లేరు. గడ మాత్రం వదల్లేదు.

"మరి ఆ కొత్తవాళ్ళు..." అని నసిగాడు మాస్టారు.

"వాళ్ళెవర్నో చూసుకుంటార్లే," అందామె, రెండో చెయ్యి కూడా వేసి. "ముందు వీణ్ణి గట్టుకు లాగు."