అవ్వ మంచం కింద విమానం గేమ్

మేం చిన్నగా ఉన్నప్పుడు, ఆళ్లగడ్డలో ఒక ఆదివారం పొద్దున... నేనూ మా అన్నా టీవీ ముందు ఊపిరి బిగబట్టి కూర్చుని విమానం గేమ్ ఆరో స్టేజీ దాటాం. అంతకుముందు ఎప్పుడూ దాటింది లేదు. నా చూపు మాత్రం తెర మీద కంటే వాకిలి మీదే ఎక్కువ... నాయన వస్తాడేమోనని.

ఆదివారం గేమ్ ముట్టుకోకూడదని ఆయన మాట. సంఘపెద్ద కదా... చాపలు పరిపించడానికి పొద్దున్నే చర్చికి పోయేవాడు. ఆయన సందు మలుపు తిరగగానే మేం గేమ్ డబ్బా దించేవాళ్లం.

అన్న ఏడో తరగతి పాసయ్యాడని నాయన దాన్ని నంద్యాల నుంచి తెచ్చాడు. క్యాసెట్ మీద ఏదో అర్థం కాని భాష, అసలు పేరు ఇప్పటికీ తెలియదు. చిన్న విమానం ఎడమ నుంచి కుడికి పోతూనే ఉంటుంది. మనం ఆగినా తెర ఆగదు. ఎర్ర బిళ్లలు ఏరుకుంటే తుపాకులు పెరుగుతాయి, వెంట రెండు పిల్ల విమానాలు కూడా వచ్చి చేరతాయి. స్టేజీకో పాట. నాలుగో స్టేజీ పాట ఇప్పటికీ వంట చేస్తూ కూనిరాగం తీస్తుంటాను.

లోపాలూ తక్కువేం కాదు... ఒక్క గుండు తగిలితే చాలు, ఏరుకున్న తుపాకులన్నీ పోయి బోడి విమానం మిగులుతుంది. దాంతో ఆ స్టేజీ దాటడం దేవుడి తరం కూడా కాదు. సంఘపెద్ద కూతురు అనాల్సిన మాట కాదనుకోండి. శత్రువులు ఎక్కువైతే బొమ్మ మినుకు మినుకుమంటూ నత్తనడక నడిచేది. గుండేదో చుక్కేదో తెలిసేది కాదు.

అన్నిటికంటే పాపిష్టి లోపం ఇంకోటుంది. ఎంతదూరం వచ్చామో దానికి గుర్తుండదు. డబ్బా ఆపామా... మళ్లీ మొదటి స్టేజీనే.

ఏడో స్టేజీ మొదలైందో లేదో, చర్చి గంట వినపడింది. "ఇంగా జడ ఏసుకోల్యా? రాండి బిరీన" అని వాకిట్లోంచి అమ్మ కేక.

"ఆపితే ఇంక మల్లీ ఈడిదాకా రాలేం" అన్నాడు అన్న. ఆపలేదు. పాజ్ బటన్ నొక్కి గేమ్‌ని అట్లాగే నిలబెట్టి, టీవీ ఒక్కటి కట్టేశాడు. డబ్బా ఎర్ర లైటు అమ్మకు కనపడుతుందని, కరెంటు అడాప్టర్‌తో సహా అవ్వ మంచం కిందికి తోశాడు. పైన పాత బొంత కప్పాడు. ఆ బొంత తెచ్చిచ్చింది నేనే.

మా అవ్వ... నాయనమ్మ. నీళ్ల తొట్టి దగ్గర జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి మంచం మీదే. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేదు. ఆరాధన అయ్యేదాకా ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆ పొద్దు నిద్రపోతోంది.

దారిలో అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాయనకు చెప్పాకు. డబ్బా పగలగొడ్తాడు" అన్నాడు. సరేనన్నాను.

చర్చిలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. ఆరాధన మొదలయ్యాక ఈ పక్కవాళ్లు ఆ పక్కకు పోవడం మా దగ్గర లేదు. చిన్నపిల్లలైనా సరే. అమ్మ ముందు పాటలు పాడేవాళ్లతో కూర్చుంది, నేను వెనక పిల్లల్లో.

మొదటి పాటప్పుడే అడాప్టర్ గుర్తొచ్చింది. మామూలుగా గంట ఆడితేనే చెయ్యి పెట్టలేనంత కాలేది... మేం రెండు గంటలు ఆడి, దాని మీద బొంత కప్పి వచ్చాం. రెండో పాటకు, పొయ్యిలోంచి నిప్పురవ్వ పడి ఒకసారి ఆ బొంతే ఎట్లా రాజుకుందో కళ్లముందు కనపడింది. మంట రాదు... లోపల్లోపలే కాలుతుంది. మూడో పాటకు మగవాళ్ల వైపు చూశాను. అన్న పాటల పుస్తకం తెరవనే లేదు. కిందికి చూస్తూ కూర్చున్నాడు. వాడికీ భయంగా ఉందని తెలిసిపోయింది.

"సాక్ష్యం చెప్పేవాళ్లుంటే లేయండి" అన్నాడు పాస్టరు అయ్యగారు. ఒక పెద్దామె లేచి, తన బర్రెకు జబ్బు నయమైన సంగతి తీరిగ్గా చెప్పింది. ఆమె కూర్చోగానే నేను లేచాను. చిన్నపిల్ల సాక్ష్యం చెప్తుందని అందరూ ముచ్చటగా నా వైపు తిరిగారు.

"నాయనా... గేమ్ ఆపకుండా వచ్చినాం. అవ్వ మంచం కింద పెట్టి బొంత కప్పినాం."

"ఏందీ?" అన్నాడు నాయన. అంతే... చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. వెనకాల మేం.

తలుపు తియ్యగానే పొగ. మంట లేదు గానీ బొంతలో పళ్లెమంత మేర కాలి ఎర్రగా రాజుకుంటోంది. అవ్వ మంచం పట్టె పట్టుకుని, సగం పక్కకు ఒరిగి దగ్గుతోంది. నాయన వైరు పీకి, బొంతను వాకిట్లోకి ఈడ్చి, అవ్వను రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"ఎంతసేపట్నుంచి పిలుస్తాండానో నాయనా... ఎవురూ పలకల్య" అంది అవ్వ.

నాయన మా వైపు తిరిగాడు. ఆయన ముఖం అట్లా ఎప్పుడూ చూడలేదు. "పిల్లోల్ల మీద చెయ్యెత్తాకు" అంది అవ్వ, ఆయన భుజం మీద నుంచే. ఎత్తలేదు. అవ్వను వాకిట్లోకి, గాలికి తీసుకుపోయాడు. అన్న గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ డబ్బాను మళ్లీ ఎవరం ముట్టుకోలేదు.

ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నాను. నా కొడుకు అట్లాంటి గేమే ఫోన్‌లో ఆడతాడు. అన్నానికి పిలిస్తే పక్కన పడేసి వస్తాడు... వారం తర్వాత తీసినా ఆపిన చోటే ఉంటుంది. ఎంత సుఖమో వాడికి తెలియదు. నేను మాత్రం ఊరికి పోయేటప్పుడు తాళం వేసి, మళ్లీ తీసి, స్విచ్చులన్నీ ఇంకోసారి చూసి వస్తాను. మా ఆయన నవ్వుతాడు.

చిన్నప్పుడు ఇంట్లో చెప్పడానికి భయపడి మీరు దాచిన సంగతి ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి... ఎవరూ తిట్టరు. ఆ రోజు నేను సమయానికి చెప్పానని అందరూ మెచ్చుకున్నారు. నేను లేచింది మూడు పాటలు అయ్యాక. ఆ మూడు పాటలసేపూ అవ్వ పిలుస్తూనే ఉంది.