కళ్ళు మూసుకున్న బిడ్డకు పెర్ల్ చదివి చెప్పిన రోజు

నేను అక్షరాలు దిద్దుకున్నది నా బిడ్డ ఆరో తరగతి చదువుతున్నప్పుడు. కట్టంగూర్‌లో మా వాడ ఆడవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. అక్కడ తెలుగు వచ్చింది. తర్వాత నార్కట్‌పల్లి చౌరస్తాలో ఒక హోటల్లో రొట్టెల పిండి పిసికే పనికి కుదిరాను. వచ్చే పోయే లారీల నెంబరు ప్లేట్లు చూసి ఇంగ్లీషు పెద్దక్షరాలు పట్టుకున్నాను. చిన్నక్షరాలు బిడ్డ నేర్పింది. మాటలుగా చదవడం రాకపోయినా, ఏది ఏ అక్షరమో చెప్పగలిగేదాన్ని.

తొంభైల చివరికి బిడ్డ డిగ్రీ అయిపోయింది. టైపు పరీక్షలు రెండూ పాసైంది. నల్లగొండలో కంప్యూటర్ కోర్సు చేసి, నార్కట్‌పల్లిలో టైర్ల దుకాణం పైన కొత్తగా తెరిచిన కంప్యూటర్ సెంటర్లో పిల్లలకు నేర్పడానికి చేరింది. చేరింది అంటే పూర్తిగా కాదు. "జర చూద్దాం, పని చూసినంక మాట్లాడుదాం" అన్నాడు సెంటర్ సారు. అలా చూస్తూ చూస్తూ ఎండాకాలం పోయి వానలు పడ్డాయి.

ఆ సారు యాదగిరిగుట్టలో లాడ్జి నడిపే ఒకాయనతో మాట కలిపాడు. లాడ్జికి ఇంటర్నెట్లో ఒక పేజీ చేసిస్తానన్నాడు. యాత్రికుడు ఆ పేజీలో తన పేరు, ఊరు, ఎన్ని గదులు కావాలో రాసి నొక్కితే, ఆ పేరుతోనే జవాబు తిరిగి రావాలి. పని మా బిడ్డకు అప్పజెప్పాడు. ఆదివారం సాయంత్రం లాడ్జాయన వచ్చి చూస్తాడు. ఆయనకు నచ్చితే బిడ్డకు ఉద్యోగం. నచ్చకపోతే హైదరాబాద్ నుంచి ఇంకొకరిని తెచ్చుకుంటానని సారు ముందే చెప్పేశాడు.

అప్పట్లో అలాంటి పేజీల వెనక పనిచేయడానికి పెర్ల్ అనే భాష వాడేవాళ్ళు. అది నేర్పే పుస్తకం ఇటుకంత లావుంటుందట. అందులో రోజూ అక్కరపడేవి మాత్రం ఏరి, ఒక్క కాగితానికి అటూ ఇటూ కుక్కి అచ్చు వేస్తారు. దాన్ని రెఫరెన్స్ షీటు అంటారు. బిడ్డ దగ్గరున్నది కోఠిలో తీయించిన జిరాక్సు. జిరాక్సుకే తీసిన జిరాక్సు. అక్షరాలు ఆవాలంత ఉండేవి. మడతలు పడ్డచోట సిరా కూడా లేచిపోయింది.

ఆ పేజీకి ఒక చిక్కుంది. మనిషి తన పేరు రాసి పంపితే, పేరుకూ ఇంటిపేరుకూ నడుమ ఉన్న ఖాళీ దారిలో ప్లస్ గుర్తుగా మారిపోతుంది. కామాలు శాతం గుర్తులవుతాయి. వాటిని మళ్ళీ మామూలుగా మార్చే ముక్క ఒకటి ఆ షీటులో ఉంది. మిగతాదంతా బిడ్డకు వచ్చు, చేసేసింది కూడా. ఆ ముక్క మాత్రం మిగిలింది. "గది ఎవలకూ నోటికి రాదమ్మా. అందరు షీటు జూసి కొట్టుడే" అనేది.

ఆదివారం పొద్దున లేచేసరికి బిడ్డ రెండు కళ్ళూ అతుక్కుపోయి ఉన్నాయి. కండ్ల కలక. గోరువెచ్చని నీళ్ళతో తుడిస్తే రెప్పలు విడివడ్డాయి కానీ, వెలుతురు తగలగానే నీళ్ళు ధారగా కారాయి. ఆమె తండ్రి లారీ మీద విజయవాడ పోయి ఉన్నాడు. ఇంట్లో మేమిద్దరమే.

"సారుకు ఫోను చేసి చెప్పు. రేపో ఎల్లుండో చేస్తనను" అన్నాను.

"చెప్తే ఏమంటడో తెల్వదా? గందుకే మొగపిల్లగాని పెట్టుకోవాల్సుండె అంటడు. పోదాం పా. నాకు కొట్టనీకె కండ్లక్కర్లేదు. టైపు నేర్చుకునేటప్పుడు కీల మీద గుడ్డ కప్పి కొట్టిచ్చిండ్రు."

"మరి కాగితం ఎవరు చూస్తరు?"

"నువ్వు లేవా?"

బస్సెక్కి వెళ్ళాం. సెంటర్ తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. చెప్పులు బయట విడిచి, తలుపు మూసి, పరదాలన్నీ దించింది. నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని మిషన్ ముందు కూర్చుంది. ఎక్కడ ఏది నొక్కాలో నాకు చెబుతుంటే, తెర మీద బాణం గుర్తును నేను జరిపాను. చివరికి ఆమె రాసి పెట్టుకున్నది తెరుచుకుంది. షీటును నా ముందు పరిచాను. నాలుగింటికి కరెంటు పోతుంది, ఆరింటికి గానీ రాదు. లాడ్జాయన అయిదున్నరకు వస్తాడు. మాకున్నది భోజనాల వేళ నుంచి నాలుగింటి దాకా.

నడిమి భాగంలో పైన పెద్దక్షరాలతో ఉన్న మాట ఏమిటో బిడ్డ చెప్పింది. వెతికి పట్టుకున్నాను. దాని కింద నుంచి చదవడం మొదలుపెట్టాను. అక్షరాలు ఫరవాలేదు. గుర్తుల పేర్లు మాత్రం నాకు తెలియవు.

"ఎస్సుకు నడుమ కర్ర గుచ్చిండ్రు."

"డాలరు. తర్వాత?"

"వీ... ఏ... ఎల్... తర్వాత రెండు గీతలు. దాని పక్కన పాము."

"సరే, పాము. తర్వాత?"

"ఎస్. చిన్నది. వాలు గీత. రెండు సున్నల నడుమ గీత. తర్వాత కొడవలి. తర్వాత దర్వాజ చట్రం, సగమే ఉన్నది."

"తెరిచిన చట్రమా, మూసిన చట్రమా?"

"తలుపే లేదు, తెరిచిందో మూసిందో నాకెట్ల తెలుస్తది?"

ఆమె నవ్వింది. నవ్వితే కళ్ళు మండాయి కాబోలు, కొంగుతో ఒత్తుకుంది. ఆ కొంగు నాదే. ఇంకో గుర్తు దగ్గర నేను మీసం అన్నాను. మీసం ముక్కు ఎటు ఉందని అడిగింది. ఎడమకు అన్నాను. ఆమె వేళ్ళు చూడకుండానే ఆ కీ మీదికి వెళ్ళాయి. అలా చివరిదాకా వచ్చాం. నడిపి చూడమంది. నేను నొక్కాను. తెర తెల్లగా అయిపోయి, పైన లావు అక్షరాలు పడ్డాయి. నేను చదవడం మొదలుపెట్టక ముందే అడిగింది.

"ఈ తోటి మొదలైందా?"

"ఈ. ఆర్ రెండు సార్లు."

"ఎర్రరు. మల్ల మొదట్నించి సదువు."

మళ్ళీ చదివాను. ఈసారి ఒక్కో గుర్తునూ రెండేసి సార్లు చూశాను. మళ్ళీ ఎర్రరే. మూడోసారి ఆమె కొట్టినదాన్ని తెర మీద నుంచి నేను చదువుతుంటే, ఆమె విన్నది. నేను చెప్పినట్టే కొట్టింది. షీటులో ఉన్నట్టే నేను చెప్పాను. తప్పెక్కడుందో తెలియలేదు. ఆ భాషలో ఏ ముక్క పక్కన ఏ ముక్క వచ్చినా వినడానికి ఒకేలా ఉంటుంది.

కింద రోడ్డు మీద లారీలు పోతుంటే అద్దాలు అదురుతున్నాయి. గోడ గడియారం మూడున్నర దాటింది. బిడ్డ కళ్ళు తెరిచి షీటును ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూడబోయింది. నీళ్ళు కారి కాగితం మీద పడ్డాయి. నేను లాక్కున్నాను.

"అక్షరాలు పోతయి. నేను సదువుతున్న గద."

"నువ్వు సదువుడేమో గాని, నా నౌకరి పోతాంది. ఏదో ఒకటి ఇడిసిపెడుతున్నవు. లేకుంటే నీకు కనిపించినకాడికి చెప్తున్నవు."

"ఉన్నదున్నట్టే చెప్తున్న."

"ఉన్నదున్నట్టే చెప్తే ఎందుకు రాదు? నిన్ను తెచ్చుడే తప్పయింది. పక్కింటి పిల్లనన్న తోలుకొస్తే అయిపోతుండె. గా పిల్ల పదో తరగతన్న సదివింది."

జవాబు చెబితే ఇంకో మాట వస్తుంది, ఇంకో మాటకు కాలం పోతుంది. వేలు మళ్ళీ మొదటి గుర్తు మీద పెట్టాను. ఆమె చేయి చాపింది. తడుముకుంటూ నా మణికట్టు పట్టుకుంది.

"సదువు. నీ ఏలు ఏడున్నదో నాకు తెలుస్తది. ఇడిసిపెడితే పట్టుకుంట."

చదువుతూ వేలు జరిపాను. మణికట్టుతో పాటు ఆమె చేయి కూడా జరిగింది. జరిగి జరిగి బల్ల చివరికి వచ్చింది.

"ఆగు. నీ చెయ్యి ఏడిదాంక పోతాంది?"

"అంచుదాంక."

"ఏ అంచు?"

"కాగితం అంచు. ఆడనే గద వరుస అయిపోయేది."

ఆమె నా చేయి వదలలేదు. మెల్లగా వెనక్కి, కాగితం నడిమికి తెచ్చింది.

"ఈడ ఏమన్న జాగ ఉన్నదా? రాతలేని జాగ?"

"ఉన్నది. చిటికెన వేలంత."

"గంతే. వరుస గా జాగ కాడ్నే అయిపోయింది. నువ్వు దాటొద్దు. ఆడ ఆగి, కిందికి దిగాలె. దిగి మల్ల ఈ పక్కకే రావాలె. మూడు కాగితాలు పక్కపక్కకు పెట్టినట్టనుకో. నడుమ గీత ఉండె, జిరాక్సుల కొట్టుకపోయింది."

సాయంత్రం బడి పుస్తకంలో ఒక్కో పేజీకి నాలుగైదు వరుసలుండేవి. ప్రతి వరుసా ఈ అంచున మొదలై ఆ అంచున ఆగేది. అది చదివాక కిందికి దిగాలి. అచ్చు కాగితం అంటే నాకు అదే. ఒకే కాగితంలో మూడు నిలువులు పేర్చి, ఒకటి అయ్యాక రెండోది మొదలుపెట్టాలని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉంటుందని ఎవరికీ తోచి ఉండదు. నేను ఆ ముక్కలో మొదటి వరుస చదివి, ఖాళీ దాటి, పక్కన వేరే పనికి రాసిన వరుసను కూడా చదివాను. కిందికి దిగి మళ్ళీ అలాగే చేశాను. చదివిన ప్రతిసారీ అదే.

మౌసు కింద వేసే రబ్బరు అట్టలు రెండు తెచ్చి కాగితానికి అటొకటి ఇటొకటి కప్పాను. నడిమి నిలువు ఒక్కటే బయట మిగిలింది. అప్పుడు చూస్తే ఆ ముక్క ఎంతో లేదు, పొట్టి పొట్టి వరుసలు. బిడ్డ పాత రాతంతా చెరిపేసింది. నేను చదివాను, ఆమె కొట్టింది. ఆఖరి వరుసలో ఉండగా లైటు పోయింది, ఫ్యాను ఆగింది. బల్ల కింద బ్యాటరీ డబ్బా కీచు కీచుమని కూయడం మొదలుపెట్టింది. పాత బ్యాటరీ, ఎంతసేపు ఆగుతుందో చెప్పలేం.

"ఇంకెంతున్నది?"

"కొడవలి మూసింది. వాలు గీత. ఈ. జీ. చుక్క కింద తోక. అయిపోయింది."

ఆమె వేళ్ళు రెండు కీలు కలిపి నొక్కాయి. తెర మీద చిన్న గడియారం తిరిగి ఆగింది. "దాచిపెట్టినట్టేనా?" అని అడిగింది. నాకేం తెలుసు. అవునన్నాను. అంతలో తెర నల్లబడింది. నడిపి చూసే వీలు లేకుండా పోయింది.

లాడ్జాయన చెప్పిన వేళకు ముందే జీపులో దిగాడు. సారు కూడా వెంట ఉన్నాడు. చీకటి గదిలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న బిడ్డను, పక్కన నన్నూ చూసి, సారు ఏదో అనబోయి లాడ్జాయన ముందు ఆగిపోయాడు. టీ తెప్పించాడు.

"కరెంటు లేకుంటే పేజి గూడ లేదా?" అన్నాడు లాడ్జాయన. "మా కౌంటరు కాడ గిట్ల గాదు. దీపం బుడ్డి పెట్టుకోని గూడ గదులిస్తం."

"బేఫికర్ ఉండుండ్రి అన్నా. ఆరింటికి వస్తది."

"ఆరింటిదాంక ఉంటా. గంతే. గుట్ట మీద నాకు పనుంది."

బిడ్డ నా పక్కకు వంగింది. "రాకుంటే?" అంది, నాకు మాత్రమే వినిపించేలా. కరెంటు రాకుంటేనా, వచ్చినా ముక్క పనిచేయకుంటేనా, ఏది అడిగిందో నేను అడగలేదు. ఆమె మోకాలి మీద చేయి వేసి ఉంచాను. ఆరైంది. లాడ్జాయన లేచి చెప్పుల్లో ఒక కాలు పెట్టాడు. అప్పుడు ఫ్యాను కదిలింది.

మిషన్ మొదలయ్యేసరికి ఆయన తిరిగి వచ్చి నిలబడ్డాడు, కూర్చోలేదు. సారు కుర్చీలో కూర్చుని పేజీ తెరిచి, ఒక పేరు చెప్పమన్నాడు. ఆయన తన మామ పేరు చెప్పాడు. ఇంటిపేరు, కామా, నడుమ తాత పేరు, ఆ తర్వాత అసలు పేరు. అంత పొడుగు పేరు కావాలనే చెప్పాడనిపించింది. సారు కొట్టి, నొక్కాడు. తెర తెల్లగా అయింది. నేను ఎర్రరు మొదటి అక్షరం కోసం చూశాను. రాలేదు. ఇంకా తెల్లగానే ఉంది.

"ఏమొచ్చిందమ్మా?" బిడ్డ గుసగుసగా అడిగింది.

అక్షరాలు పడ్డాయి. నేను ఒక్కొక్కటే చదివాను. ఇంటిపేరు. కామా. తాత పేరు. ఖాళీ. అసలు పేరు.

"సక్కగొచ్చింది. జాగలు జాగలుగనే ఉన్నయి. ప్లస్ ఒక్కటి గూడ లేదు."

సారు తిరిగి నావైపు చూశాడు. తర్వాత బిడ్డ నల్లద్దాల వైపు చూశాడు. "కండ్లకేమైంది?" అన్నాడు. "కలక సార్. అమ్మ సదివింది, నేను కొట్టిన" అంది. ఆయన కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి, వేళ్ళు ఎక్కడా తగలకుండా ఎత్తి పట్టుకున్నాడు.

లాడ్జాయన మాత్రం తెరనే చూస్తున్నాడు. మామ పేరు అలా కనబడటం ఆయనకు బాగున్నట్టుంది. "స్వాతి నక్షత్రం నాడు గుట్టకు జనం మస్తు, మేం గదులు ముందుగాల ఇయ్యం. గది గూడ దీంట్ల ఎక్కియ్యాలె. అయితదా?"

"ఎందుకు గాదన్నా, ఎక్కిస్తది. మా మేడం ఉన్నది గద."

అప్పటిదాకా సారు మా బిడ్డను పిలిచింది "ఓ పిల్లా" అనే.

జీపు వెళ్ళిపోయాక సారు మెట్ల మీది నుంచే, లోపలికి రాకుండా మాట్లాడాడు. కళ్ళు పూర్తిగా తగ్గేదాకా సెంటర్‌కు రావద్దన్నాడు. తగ్గాక పొద్దుటి బ్యాచి, మాపటి బ్యాచి రెండూ ఆమెవేనన్నాడు. వెళ్ళబోతూ ఆగి నావైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు జర గా కీబోర్డు డెటాల్‌తోటి తుడిసి పో. రేపు పిల్లలొస్తరు."