హనుమండ్లు రాసిచ్చిన అక్షరాలు

కరీంనగర్ బజార్లో హనుమండ్లు చెయ్యి పడని బోర్డు ఒక్కటి చూపించండి చూద్దాం. ఇరవై ఏళ్లు నిచ్చెన మీదే బతికాడు. తలకట్టును కొడవలిలా తిప్పి, ఒత్తు కింద తీగ లాగితే, బస్సులో పోయేవాళ్లు కూడా ఇది హనుమండ్లు రాతేనని చెప్పేవారు.

తొంభై ఆరులో దొర కరుణాకర్‌రావు కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. హనుమండ్లుకు కబురు పెట్టి, ఎదురుగా కుర్చీ వేయించాడు. దొర కుర్చీ వేయించడమే! పిచ్చి మనిషి అక్కడే కరిగిపోయాడు.

"నీ అక్షరాలు కంప్యూటర్ల ఎక్కిస్తనే. అ నుంచి క్ష దాక, గుణింతాలు, ఒత్తులు, ఒక్కటి ఇడువకుంట రాసియ్యి."

"రాస్త దొరా. ఇన్నేండ్లల్ల ఏ దుకాణపోడు నన్ను 'ఝ' రాయమనలే."

పదకొండు రోజులు పని మానుకుని రాశాడు. చివర్న దొర ఒక కాగితం ముందు పెడితే, అందులో ఏముందో చదవలేదు. సంతకం అందంగా రావాలని రెండుసార్లు చిత్తుకాగితం మీద రాసి చూసుకుని మరీ పెట్టాడు. శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఇంటికొచ్చి భార్య నర్మదకు ఆ శాలువా పది సార్లు చూపించాడు.

ఆర్నెల్లలో ఆ అక్షరాలు కంప్యూటర్ ఫాంటుగా మారి, ఫ్లాపీల్లో ఆదిలాబాద్ దాకా పోయాయి. వాటికి పేరు 'కరుణ'. "దొంగ ఫ్లాపీ పెడితే వైరస్ వస్తది, కేసు గూడ అయితది. అసలుది నా తాననే దొరుకుతది" అని దొర ప్రెస్సుల వాళ్లందరికీ చెప్పాడు.

ఆ ఏడే బట్టల వ్యాపారి దశరథం కొత్త దుకాణానికి హనుమండ్లు బోర్డు రాశాడు. అటు పోతున్న కరుణాకర్‌రావు జీపు ఆపాడు.

"గా అక్షరాలు నావి. ఎవల్నడిగి రాసినవ్?"

"నా చెయ్యి దొరా..."

"సంతకం పెట్టినవ్ గదనే. అక్షరాల మీద హక్కంత నాదని రాసుంది."

దొర కేసు వేస్తాననేసరికి దశరథం బెదిరిపోయాడు. బోర్డంతా కిరసనాయిలుతో తుడిపించి, వేరే రకంగా రాయమన్నాడు. ఇరవై ఏళ్ల వంపు ఎక్కడికి పోతుంది? వద్దనుకున్న కొద్దీ చెయ్యి అటే తిరిగింది, బలవంతాన ఆపితే గీత వంకరపోయింది.

"నీకు చెయ్యి చెడింది హనుమండ్లూ" అన్నాడు దశరథం. దొర దగ్గరికెళ్లి పర్మిషన్ కొనుక్కుని, పెద్ద అచ్చు కాగితం తెచ్చి ఇచ్చాడు. "గిది అంటించి గీసుకో, రంగు నింపు. నీ సొంతం ఏం కలుపకు."

కడుపు కోసం హనుమండ్లు తన అక్షరాలను తానే చూసి దించాడు. కింద మూలన, పెయింటర్లు తమ పేరు రాసుకునే చోట, దొర పర్మిషన్‌కు పెట్టిన షరతు ప్రకారం 'అక్షరాలు: కరుణాకర్‌రావు' అని రాశాడు.

దొర వచ్చి కళ్లు చిట్లించి చూశాడు. "పేరు కనవడ్తలేదే. జర పెద్దగ రాయి."

హనుమండ్లు తుడిచి, పెద్దగా రాశాడు.